ఆల్చిప్పల్లో వేరుశనగ నూనె

నంద్యాల,
12 నవంబరు 1978

పూజ్యులు పెద్దనాయన గారికి గోద దాసోహాలు.

ఇక్కడ నేను క్షేమం. మీ నడుము నొప్పి తగ్గిందో లేదో మీరు రాయలేదు. తగ్గలేదని అర్థం చేసుకున్నాను.

ఒక సాయం కావాలి. మా కాలేజీ లాబ్‌లో ఉన్న ఒకే ఒక్క పింగాణీ కల్వం పగిలిపోయింది. పగలగొట్టింది మా అటెండరు రాములమ్మ. "నేనేం జేస్తి మేడమ్, గట్టిగానే పట్టుకుంటి, అదే జారిపాయ" అంది. తప్పు కల్వానిదేనని తేలింది. కొత్తది కావాలంటే వచ్చే ఏడాది దాకా ఆగమన్నారు ప్రిన్సిపాల్ గారు.

నాకు ఆగే వీలు లేదు. నా పరిశోధనంతా నూరడంతోనే మొదలవుతుంది. సరుకును మెత్తగా నూరి, అందులోని కొవ్వును ద్రావకంతో బయటికి తీసి, అది ఏయే రకాల కొవ్వో తేల్చాలి. 1979 డిసెంబరు 31 లోపల గ్రంథం రాసి యూనివర్సిటీకి ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఐదేళ్ళ కష్టం గంగలో కలుస్తుంది.

మన ఆళ్ళగడ్డలో రాతిపని చేసే మద్దిలేటితో చిన్న నల్లరాతి కల్వం, నూరడానికి గుండు చేయించి పంపగలరా?

సరుకేమిటని పోయినసారి కూడా అడిగారు. సముద్రంలో దొరికేది. మందుల్లో వాడతారు. పేరు లాటిన్‌లో ఉంటుంది, నోరు తిరగదు.

మీ
గోదాదేవి

———

ఆళ్ళగడ్డ,
3 డిసెంబరు 1978

చి. గోదకు పెద్దనాయన లక్ష్మీనరసింహం ఆశీస్సులు.

వేదమే నోరు తిరిగిన ఇంట్లో లాటిన్ తిరగదా? సరే, ఉండనీ.

కల్వం సిద్ధమైంది. మద్దిలేటి మొదట బిగదీశాడు. "సామీ, ఇది దేవుని విగ్రహానికని ఎత్తిపెట్టిన రాయి. మందులు నూరేకి ఇమ్మంటావేంది?" అన్నాడు. "మా గోద చేసేదీ దేవుడి పనే అప్పా" అన్నాను. ఆ మాట మీద చెక్కాడు.

చెక్కిన తర్వాత తొమ్మిది రోజులు నా దగ్గరే పెట్టుకుని, కొత్త రాతికి చేయాల్సిన సంస్కారం చేశాను. ఏం చేశావని అడగకు. నలభై ఏళ్ళు అహోబిలం మడపల్లిలో స్వామికి వండినవాడిని, కొన్ని పనులు చేతికి తెలుస్తాయి, నోటికి రావు. ఇప్పుడు దాంట్లో ముఖం కనిపిస్తుంది. అద్దం బదులు వాడుకోకు.

డ్రైవర్ రామయ్య చేత బస్సులో పంపుతున్నాను. ఒకటే షరతు. నృసింహ జయంతికి ఇంట్లో స్వామి చందనంలో కలిపే పచ్చకర్పూరం, కుంకుమపువ్వు ఈసారి ఈ కల్వంలోనే నూరాలని మొక్కుకున్నాను. అప్పటికి పంపించు, పండగయ్యాక మళ్ళీ తీసుకుపో. ఈలోగా అపవిత్రమైనదేదీ దాంట్లో పడకూడదు.

లక్ష్మీనరసింహం

———

నంద్యాల,
18 ఫిబ్రవరి 1979

పెద్దనాయన గారికి దాసోహాలు.

ఉత్తరం ఆలస్యమైంది, కోపగించకండి. కల్వం అద్భుతంగా ఉంది. రాములమ్మ దాన్ని చూడగానే దండం పెట్టి, "ఇది జారితే నేల పగులుతాది గానీ ఇది పగలదు మేడమ్" అంది. జయంతికి పంపే సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ఇంకా చాలా రోజులుంది కదా.

నా పని మాత్రం చెడింది. నేను తీసిన కొవ్వును యూనివర్సిటీలో మిషన్ మీద పరీక్షించారు. నేల మీద పండే గింజల్లో ఉండే కొవ్వు ఒకటి ఉంది. సముద్రపు సరుకులో అది చిటికెడుంటే ఎక్కువ. నా దాంట్లో దోసెడుంది! మా గైడ్ గారు కాగితం నా ముందు పడేసి, "ఏమ్మా, సముద్రంలో చేను వేశారా?" అన్నారు. అందరూ నవ్వారు.

నవ్వితే పోనీలే అనుకుందును. మొదట నూరిన సరుకులో ఆ కొవ్వు చాలా ఎక్కువ, తర్వాత నూరిన దాంట్లో కొంచెం తక్కువ, ఆ తర్వాత ఇంకా తక్కువ. అది చూసి ఆయన నవ్వడం మానేశారు. నేనే కూర్చుని అంకెలు దిద్దుతున్నానని అనుమానపడుతున్నారు. పెద్దనాయనా, నేను దొంగ లెక్క రాసేదాన్ని కాదని మీకు తెలుసు. ఆయనకు ఎలా తెలుస్తుంది? ఆ రోజు బస్సులో నంద్యాల దాకా ఏడుస్తూనే వచ్చాను.

గోద

———

ఆళ్ళగడ్డ,
2 మార్చి 1979

చి. గోదకు.

ఏడిస్తే కల్తీ విడిపోదు. విను.

స్వామికి వండేది మేం రుచి చూడకూడదు, వాసన కూడా చూడకూడదు. మూతికి గుడ్డ కట్టుకుని వండుతాం. అందుకని ఏ సరుకైనా మడపల్లి గడప దాటకముందే బయట పరీక్ష జరగాలి. నెయ్యి వచ్చినా నూనె వచ్చినా కాగితం మీద ఒక చుక్క వేసి, ఎండలో పెట్టి, వేడెక్కాక వాసన చూసేవాడిని. నెయ్యిలో డాల్డా కలిపి తెచ్చినవాడు నా ముఖం చూసే డబ్బా ఎత్తుకుని వెనక్కి పోయేవాడు. నలభై ఏళ్ళలో కల్తీ చుక్క గడప దాటలేదు. నువ్వుల నూనె తప్ప ఇంకో నూనెను ఆ ఛాయలకు రానివ్వలేదు.

మీ మిషన్ గింజ అంది. ఏ గింజో చెప్పలేకపోయింది. నా ముక్కు చెబుతుంది. నీ కొవ్వును కాగితం మీద వేసి పంపు.

కార్డు మీద ఏమీ రాయకు. మా పోస్ట్‌మన్ సంజీవయ్య కార్డులన్నీ ముందు తాను చదివి, ఎవరి కార్డు వాళ్ళకు వినిపించి, ఆ తర్వాత ఇస్తాడు. వీధిలో మిగతావాళ్ళకు మాత్రం ఇవ్వకుండానే వినిపిస్తాడు.

లక్ష్మీనరసింహం

———

నంద్యాల,
15 మార్చి 1979

పెద్దనాయన గారికి దాసోహాలు.

కాగితం ఇందులో ఉంది, మైనపు కాగితంలో చుట్టి పెట్టాను. దయచేసి ఇంట్లోకి తీసుకుపోవద్దు. అరుగు మీదే చూడండి. చూశాక చేతులు కడుక్కోండి. రెండుసార్లు కడుక్కోండి. ఆ పూట పూజకు ముందు మాత్రం చూడొద్దు.

ద్రావకాలు వాడతాం కదా, అందుకని చెబుతున్నాను. ఇంకేమీ లేదు.

గోద

———

ఆళ్ళగడ్డ,
1 ఏప్రిల్ 1979

చి. గోదకు.

చూశాను. రెండు వాసనలున్నాయి.

పైన తేలేది ఏమిటో నాకు తెలియలేదు. ఉప్పులో నానిన గోనెసంచిలా ఉంది. డెబ్బై ఏళ్ళలో అలాంటి వాసన నేను ఎరగను. వెంటనే లేచి మజ్జిగ తాగాను. అది మందో మాకో, తాగే రోగి మీద నాకు జాలి వేసింది.

అడుగున ఉన్నది మాత్రం నిక్షేపంగా వేరుశనగ నూనె. గానుగలో ఆడించిన నూనె. మిల్లుది కాదు.

ఇక అది ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోవడం. వంట చెడితే బియ్యాన్ని తిట్టేవాడు వంటవాడు కాడు. మేం ఏ కొత్త పాత్రలోనైనా మొదట వట్టి నీళ్ళు కాచి చూస్తాం. పాత్రలో దోషముంటే నీళ్ళే చెబుతాయి. నువ్వూ సరుకు వేయకుండా ప్రతి పాత్రనూ విడివిడిగా పరీక్షించు.

జయంతి దగ్గర పడుతోంది. కల్వం ఎప్పుడు పంపుతావు?

లక్ష్మీనరసింహం

———

నంద్యాల,
9 ఏప్రిల్ 1979

పెద్దనాయన గారికి దాసోహాలు.

మీ ముక్కుకు వేయి దండాలు. మీరు చెప్పినట్టే వరసగా చేస్తున్నాను. జాడీలు శుద్ధం. గరాటు శుద్ధం. సీసాలు శుద్ధం. రాములమ్మ తల నూనె మీద కూడా అనుమానపడ్డాను. "నాది టెంకాయ నూనె మేడమ్, కావాలంటే తల వాసన సూడు" అని తల వంచింది. చూశాను. కొబ్బరే.

లాబ్‌లోకి వేరుశనగ గింజ కూడా రాదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మిగిలింది కల్వం ఒక్కటే. అది మీరు శుద్ధి చేసి పంపింది కాబట్టి దాన్ని చివరికి ఉంచాను. ఈ వారం అది కూడా చూస్తాను.

కల్వం బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి కనిపించడం లేదు. దొరకగానే జయంతి సంగతి రాస్తాను.

గోద

———

ఆళ్ళగడ్డ,
16 ఏప్రిల్ 1979

గోదా,

బీరువాలో తాళం పడిన కల్వాన్ని ఈ వారం ఎలా పరీక్షిస్తావు తల్లీ? అబద్ధం ఆడటం నీకు చేతకాదు. నాకూ చేతకాదు, అందుకే ఈ ఉత్తరం.

ఆ కాగితం వాసన చూసిన రోజే నాకు ఏదో తెలిసిన వాసన అనిపించింది. గానుగ నూనె అని అంత గట్టిగా ఎలా చెప్పానా అని నన్ను నేనే మెచ్చుకున్నాను. నీ ఉత్తరంలో "మిగిలింది కల్వం ఒక్కటే" అన్న మాట చదివాక సంగతి అర్థమైంది.

ఆ నూనె పూసింది నేనే. కొత్త రాయి నల్లగా నిగనిగలాడాలంటే నూనె తాగించాలి. విగ్రహాలకు చేసినట్టే పొద్దునా సాయంత్రం తొమ్మిది రోజులు తాగించాను. తాగినంత తాగించాను. నీకు వెళ్ళే వస్తువు కదా, చూడగానే నీ ముఖం వెలగాలని ఆశ.

అసలు మాట ఇంకా రాయలేదు. ఆ నెల మంచి నువ్వుల నూనె దొరకలేదు. దొరికినదాన్ని నేనే కల్తీ అని తిప్పి పంపాను. అప్పుడు ఎవరూ చూడకుండా వేరుశనగ నూనె తెచ్చుకుని పూశాను. మద్దిలేటితో మాత్రం నువ్వుల నూనె అనే చెప్పాను. నలభై ఏళ్ళు ఊరందరి డబ్బాలు వెనక్కి పంపినవాడిని, నా చేతుల్తోనే పూశాను.

నీ ఐదేళ్ళ చదువు నా నిగనిగల్లో మునిగిందేమోనని భయంగా ఉంది. నన్ను తిట్టు.

పెద్దనాయన

———

నంద్యాల,
16 ఏప్రిల్ 1979

పూజ్యులు పెద్దనాయన గారికి,

దయచేసి కూర్చుని చదవండి.

ఈ రోజు వట్టి కల్వంలో ద్రావకం పోసి గుండుతో నూరి చూశాను. ఏ సరుకూ వేయకుండానే నూనె వచ్చింది. దొంగ కల్వమే. నూరిన ప్రతిసారీ రాయి కొంచెం కొంచెం కక్కుతోంది, అందుకే నా అంకెలు తగ్గుతూ వచ్చాయి. తొమ్మిది రోజులు మీరు ఏం సంస్కారం చేశారో రాయండి. కోపంగా అడగడం లేదు.

కోపగించే హక్కు నాకు లేదు. ఆ కల్వాన్ని నేను జయంతికి పంపలేను. తాళంచెవి నా చీర కొంగుకే ఉంది.

నేను నూరేది ఆల్చిప్పల మాంసం పెద్దనాయనా. నెల్లూరు వైపు సముద్రం నుంచి ఐసులో పెట్టించుకుని తెస్తాను. చిప్ప తెరిచి, లోపలి జీవిని తీసి, మీరు పంపిన కల్వంలో నూరుతాను. సముద్రంలో దొరికేదన్నది నిజం. మందుల్లో వాడతారన్నదీ కొంత నిజం. మిగతాది మీకు చెప్పే ధైర్యం లేక మింగాను. మీరు వాసన చూసిన ఉప్పు గోనెసంచి అదే. నన్ను క్షమించండి అనడానికి కూడా నోరు రావడం లేదు.

ఒక్కటి మాత్రం వినండి. చిన్నప్పుడు చలికాలం పొద్దున మీరు నెయ్యి గిన్నెను ఎండలో పెడుతుంటే అడిగాను, నెయ్యి ఎందుకు గడ్డకడుతుంది, నూనె ఎందుకు కట్టదు అని. "స్వామిని అడుగు" అన్నారు. నాయన పోయాక నన్ను చదివించిందీ మీరే. నేను అడుగుతూ అడుగుతూ ఇక్కడి దాకా వచ్చాను. నీళ్ళు చల్లబడినా ఆల్చిప్ప ఒంట్లో కొవ్వు నెయ్యిలా పేరుకోదు, నూనెలా జారుతూనే ఉంటుంది. అందుకే అది బతుకుతుంది. ఏ కాలంలో ఆ కొవ్వు ఎలా మారుతుందన్నదే నా పరిశోధన. మీరు వదిలేయమంటే వదిలేస్తానని రాయాలనుకున్నాను. రాయలేకపోతున్నాను.

గోద

———

(కార్డు)
ఆళ్ళగడ్డ,
23 ఏప్రిల్ 1979

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఒకదాన్నొకటి దాటిపోయినట్టున్నాయి. చదివాను. స్నానాలు ముగిశాక జవాబు రాస్తాను.

లక్ష్మీనరసింహం

———

నంద్యాల,
4 మే 1979

పెద్దనాయన గారికి దాసోహాలు.

స్నానాలు ముగిశాయో లేదో తెలియదు, అయినా రాయక తప్పడం లేదు. గైడ్ గారి దగ్గరికి వెళ్ళి, రాతికి నూనె పట్టించారని చెప్పాను. ఆయన నమ్మలేదు. "ఎవరు పూశారు, ఏ నూనె, ఎన్నాళ్ళు? పూసినవాళ్ళ చేత రాయించుకుని రా. అప్పుడు మళ్ళీ మొదలుపెట్టు. లేకపోతే ఇంతటితో సరి" అన్నారు. వేరుశనగ అనే రాయాలి. మిషన్ అంకెలతో సరిపోవాలట.

మీరు మడపల్లిలో నిలబెట్టుకున్న పేరు నాకు తెలుసు. రాయమని అడగలేను. అడగకుండా ఉండనూ లేను.

గోద

———

(కార్డు)
ఆళ్ళగడ్డ,
10 మే 1979

గోదాదేవి పరిశోధన చూసే ఆచార్యుల వారికి,

నల్లరాతి కల్వానికి తొమ్మిది రోజులు, రోజుకు రెండు పూటలా నూనె పట్టించింది నేను. గానుగలో ఆడించిన వేరుశనగ నూనె. నువ్వుల నూనె కాదు. అప్పట్లో అమ్మాయికి ఈ సంగతి తెలియదు. ఆమె అంకెలు సరైనవే, నా నూనెతో సహా చూపించాయి.

ఇట్లు,
లక్ష్మీనరసింహం, స్వామికి నలభై ఏళ్ళు వండినవాడు

———

ఆళ్ళగడ్డ,
11 జూన్ 1979

చి. గోదకు ఆశీస్సులు.

ఆ కార్డు ఆయనకు చూపించావా? కవరులో పెట్టలేదేమని నువ్వు కంగారుపడి ఉంటావు. కావాలనే కార్డు మీద రాశాను. సంజీవయ్య పెట్టెలోంచి తీసి చదివి, నేరుగా నా అరుగు మీదికే వచ్చాడు. "ఏంది సామీ, దేవుని రాతికి బుడ్డల నూనె పూసినావంట?" అన్నాడు. "అవునప్పా, వేరుశనగ నూనే పూసినా. పోయి అందరికీ చెప్పు" అన్నాను. చెప్పాడు. మద్దిలేటి వారం రోజులు నా వీధిలోకి రాలేదు. నేను డబ్బా తిప్పి పంపినవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి కుశలం అడిగి పోయారు. రెండు రోజులు తలెత్తలేకపోయాను. మూడో రోజుకు ఆకలి వేసింది. దాచే పని లేకపోతే మనిషికి ఇంత తేలికా అనిపించింది.

నీ సంగతి. కోపం వచ్చింది, అబద్ధమాడను. పదిహేను రోజులు చన్నీళ్ళు పోసుకుంటుంటే సంజీవయ్య, "యా పాపం కడుక్కుంటాండావ్ సామీ?" అని అడిగాడు. నాది కడుక్కుంటున్నానో నీది కడుక్కుంటున్నానో నాకే తెలియలేదు. తిలాపాపం తలా పిడికెడు. నువ్వు సగం దాచావు, నేను సగం దాచాను, రెండు సగాలూ ఆ రాతిలో కలిశాయి. జయంతికి పాత గిన్నెలోనే నూరాను. స్వామి ఏమీ అనలేదు.

మద్దిలేటి మళ్ళీ మాట్లాడుతున్నాడు. ఇంకో కల్వం చెక్కించాను. నిగనిగలు లేవు, గరుగ్గా, బూడిద రంగులో అందవికారంగా ఉంది. వట్టి నీళ్ళతో నేనే తొమ్మిదిసార్లు కడిగాను. నూనె చేతులతో ముట్టుకోలేదు. రామయ్య బస్సులో వస్తోంది. దీన్ని తిరిగి పంపనవసరం లేదు. దాంట్లో ఏం నూరుకుంటావో నూరుకో, నాకు మాత్రం వర్ణించి రాయకు.

డిసెంబరు ఎంతో దూరం లేదు. పని చూడు.

లక్ష్మీనరసింహం

———

నంద్యాల,
30 డిసెంబరు 1979

పూజ్యులు పెద్దనాయన గారికి గోద దాసోహాలు.

ఒక్క రోజు మిగిలి ఉండగా గ్రంథం యూనివర్సిటీలో ఇచ్చేశాను. అంకెలన్నీ సముద్రపు అంకెలే. ఈసారి చేను మొలవలేదు. గైడ్ గారు మీ కార్డును తన బల్ల అద్దం కింద పెట్టుకున్నారు. కొత్తగా చేరే పిల్లలకు చూపించి, వట్టి పాత్రను ముందు పరీక్షించండర్రా అని చెబుతున్నారట.

గ్రంథం మొదట్లో కృతజ్ఞతల పేజీ ఉంటుంది. ఇంగ్లీషులో ఉన్నది మీకోసం తెలుగులో రాస్తున్నాను: "నా ఫలితాల్లో చేరిన నూనెను వాసనతో గుర్తించి, అది తన చేతి నుంచే వచ్చిందని స్వయంగా ఒప్పుకుని ఈ పనిని కాపాడిన మా పెద్దనాయన లక్ష్మీనరసింహం గారికి." టైపు చేసేటప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇది బస్సులో ఏడ్చిన ఏడుపు కాదు.

ఇంకో ప్రతి నా దగ్గరుంది. ఆల్చిప్పల పుస్తకం మీ ఇంటికి పంపాలో వద్దో తెలియక అడుగుతున్నాను.

గోద

———

ఆళ్ళగడ్డ,
8 జనవరి 1980

చి. గోదకు ఆశీస్సులు.

నలభై ఏళ్ళు వండాను. తిన్నవాళ్ళు స్వామి పేరు చెప్పుకున్నారు, అది న్యాయం. నా పేరు ఎక్కడా అచ్చు కాలేదు, కావాలని నేనూ కోరలేదు. ఇప్పుడు అయింది, అదీ ఆల్చిప్పల పుస్తకంలో. నీ ఉత్తరం సంజీవయ్యకు నేనే చదివి వినిపించాను. పాపం, కవరులో రావడం వల్ల వాడికి తెలియలేదు. "ఇంగ్లీషులో కూడా బుడ్డల నూనె అనే ఉందా సామీ?" అని అడిగాడు.

ఆ పుస్తకం నా ఇంట్లోకి రావడం కుదరదు. నా పేరున్న పేజీ ఒక్కటి చింపి పంపు. మిగతాది అక్కడే ఉండనీ.

ఇంతవరకు నిన్న రాశాను. పొద్దున లేచి చూస్తే చలికి నెయ్యి గడ్డకట్టి ఉంది. గిన్నె తెచ్చి ఎండలో పెట్టాను. పక్కనే నూనె సీసా ఉంది, అది కట్టలేదు. డెబ్బై ఏళ్ళుగా చూస్తున్నాను, ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. నువ్వు అడిగితే స్వామి మీదికి తోశాను.

పేజీ చింపకు, పుస్తకం పాడవుతుంది. ఆదివారం రామయ్య బస్సులో నేనే నంద్యాలకు వస్తున్నాను. నెయ్యి సంగతి రాసిన చోటు గుర్తు పెట్టి ఉంచు, కూర్చుని చెబుదువు. నాకు మజ్జిగ చాలు.

పుస్తకం ముట్టుకునే ముందు చేతులు కడుక్కుంటాలే. రెండుసార్లు.

పెద్దనాయన